నాన్న నిద్ర కోసం మేమంతా మేలుకున్న ఏడాది

మా నాన్నకు నిద్ర పట్టకపోవడం ఏనాడూ ఆయన ఒక్కడి బాధగా ఉండలేదు. పడుకున్న గంటకు లేచేవాడు. ముందు తలుపు గడియ చూసి, వెనక తలుపు చూసి, మళ్ళీ ముందు తలుపు చూసి, చివరికి మా చాపల దగ్గరికి వచ్చి నిలబడి "పడుకున్నారా?" అని అడిగేవాడు. పడుకున్నవాళ్ళం ఏమని చెబుతాం? జవాబు చెప్పకపోతే జ్వరమేమోనని నుదురు తాకి చూసేవాడు. "పడుకున్నాం నాన్నా" అంటే, "ఇంకా మేలుకునే ఉన్నావా? పొద్దున బడికెలా వెళతావు?" అని కోప్పడేవాడు.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు, చెల్లెలికి తొమ్మిది. సికింద్రాబాదులో రెజిమెంటల్ బజారు వెనక సందులో, ఒకే పెంకుల కప్పు కింద రెండు వాటాల ఇల్లు మాది. ఒక వాటాలో మేము, రెండో వాటాలో దర్జీ చాచా, చాచీ. వాకిలి ఒకటే, బావి ఒకటే. మధ్యగోడ కప్పు దాకా లేచేది కాదు, పైన మూరెడు సందు ఉండేది. మా ఇంట్లో పోపు పెడితే వాళ్ళింట్లో తుమ్మేవాళ్ళు.

నాన్నది బెజవాడ వైపు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమస్తా. అమ్మ ఇక్కడే పుట్టి పెరిగింది, చర్చి బడిలో చిన్నపిల్లలకు టీచరు. చాచావాళ్ళది నల్లగొండ వైపు పల్లె. ముసల్మానులే అయినా ఇంట్లో వాళ్ళూ తెలుగే మాట్లాడుకునేవాళ్ళు. చాచా కంటోన్మెంటులో సిపాయిల బట్టలు కుట్టేవాడు. ఆ ఏడాది పల్టన్లు వెళ్ళిపోవడంతో ఆయన మిషను చప్పుడు కూడా పలచబడింది.

అది నిజాం రాజ్యపు చివరి వేసవి. చివరిదని అప్పుడు మాకేం తెలుసు? కిరసనాయిలు దొరకడం లేదని, ఉప్పు దొరకడం లేదని, రాత్రిళ్ళు రజాకార్లు కవాతు చేస్తున్నారని మాత్రం తెలుసు. అదైనా మేము బజారుకు వెళ్ళి తెలుసుకున్నది కాదు. రోజూ రాత్రి అన్నాలయ్యాక నాన్న మాకు చదివి వినిపించేవాడు.

సరిహద్దు అవతలి నుంచి రైలు గార్డులెవరో చుట్టి తెచ్చిన పాత పేపర్లు ఆయన భోజనం డబ్బాలో ఇంటికి చేరేవి. పచ్చడి వాసన వేసే ఆ కాగితాలను దీపం కింద పరిచి, మూడో గ్లాసు టీ పక్కన పెట్టుకుని, కోర్టులో వకీలులాగా చదివేవాడు. ఏ ఊరు తగలబడింది, ఏ రైలు ఎక్కడ ఆగింది, ఎవరెవరు కాందిశీకులై బెజవాడ చేరారు, అన్నీ. చెల్లెలు నా కొంగు పట్టుకుని వినేది.

"పండుకునే ముంగట పిల్లలకు ఇవి చెప్తరా? జెర ఊకోండ్రి," అనేది అమ్మ.

"లోకం ఎలా ఉందో తెలియొద్దూ?"

"తెల్లారినంక తెల్వదా?"

చదవడం అయ్యాక ప్రార్థన. ప్రార్థనలోనైనా శాంతి ఉండేదా అంటే అదీ లేదు. ప్రభువుకు కూడా ఆయన ఆ పేపరే మళ్ళీ వినిపించేవాడు. ఫలానా వంతెన దగ్గర పట్టాలు పీకేశారు తండ్రీ, ఫలానా స్టేషనులో బియ్యం మూటలు ఆపేశారు తండ్రీ. ఆమెన్ అనేసరికి మా కళ్ళు పత్తికాయల్లా విచ్చుకునేవి. అప్పుడు దీపం ఆర్పి, "ఇక హాయిగా పడుకోండి" అనేవాడు.

ఒకరోజు ఆఫీసులో లెక్కల పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయాడట. పెద్దగుమస్తా లేపి డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరు మంచి మాటలే చెప్పాడు. నాలుగు దాటాక టీ వద్దు, పొద్దుపోకముందే భోంచెయ్యి, దీపం పెట్టాక పేపరు ముట్టుకోకు, పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళతో కాళ్ళు కడుక్కో, మనసుకు మెత్తగా ఉండేదేదైనా ఎవరిచేతనైనా చదివించుకుని విను అన్నాడు. తప్పేముంది? తప్పంతా ఆ మాటలు మా నాన్న చెవిన పడడంలో ఉంది.

ఆయన వాటిని గుండ్రటి ఆఫీసు అక్షరాలతో తెల్లకాగితం మీద రాసి, జిగురు పెట్టి వంటింటి తలుపు పక్కన అంటించాడు. కింద సంతకం కూడా పెట్టాడు. ఆ రోజు నుంచి టీ ఆయనకే కాదు, ఇంటికంతటికీ బంద్ అయింది. బడిలో అరవైమంది పిల్లల మీద అరిచి ఐదింటికి ఇంటికి వచ్చే అమ్మ కూడా టీ తాగకూడదు. ఆరింటికల్లా అన్నాలు తినాలి. ఎండ ఇంకా వాకిట్లో ఉండగానే మేము కంచాల ముందు కూర్చునేవాళ్ళం. రాత్రి ఎనిమిదికి చెల్లెలు ఆకలని ఏడ్చేది.

"ఆకలి కాదు, అలవాటు. పోతుంది," అనేవాడు నాన్న.

ఇక కాళ్ళు కడుక్కునే నీళ్ళు. కట్టెలు దొరకడమే గగనంగా ఉన్న రోజుల్లో నలుగురి కాళ్ళకు నీళ్ళు కాగాలి. గోరువెచ్చగా అంటే ఎంత వెచ్చగా అన్నది ఆయన వేలు పెట్టి తేల్చేవాడు. ఎక్కువైతే బావిలో నీళ్ళు తోడుకురావాలి, తక్కువైతే మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి. ఒక సాయంత్రం ఆ తోడడాలూ కాచడాలూ అయ్యేసరికి చీకటి బాగా పడిపోయింది.

"అన్నం వండేతందుకు కట్టెల్లేవు. ఈయన పాదాలకు మాత్రం రోజూ వంట," అంది అమ్మ, గోడవైపు తిరిగి. గోడ అవతల చాచీ నవ్వడం మాకందరికీ వినిపించింది.

మెత్తగా చదివే పని నా మీద పడింది. దానికి దీపం కావాలి, దీపానికి ఉన్న కాస్త కిరసనాయిలూ పొయ్యాలి. మర్నాటి లెక్కలు నేను పొద్దుగూకే వెలుతురులో వాకిట్లో చేసుకుని, దీపం మాత్రం నాన్న నిద్రకు అట్టిపెట్టాలి. సరే, కథల పుస్తకంతో మొదలుపెట్టాను. సింహం, కుందేలు. సగానికి వచ్చేసరికి కళ్ళు మూశాడు. నేను గొంతు తగ్గించాను. వెంటనే కళ్ళు తెరిచి, "తర్వాత?" అన్నాడు. తర్వాతది చదివితే, "సింహానికి ఆ మాత్రం తెలివి ఉండదా?" అని లేచి కూర్చున్నాడు. సింహం ఏం చేసి ఉండాల్సిందో పావుగంట చెప్పాడు. మర్నాడు వ్యాకరణం తీశాను. అందులో ఏ కథా లేదు, ఏ సింహమూ లేదు. కానీ నాన్నకు సంధులంటే ఇష్టమని మరిచిపోయాను. ఒక ఉదాహరణ చదవగానే, "అది ఏ సంధి? చెప్పు చూద్దాం," అన్నాడు. నాకు తెలియదు. తెలిసేదాకా పడుకోనివ్వలేదు. పొద్దున చర్చి గంట కొట్టినా నేను లేవలేదు, బడికి ఆలస్యంగా వెళ్ళి బల్లెక్కి నిలబడ్డాను.

"రైళ్ళ టైంటేబిల్ ఉండె గద," అంది అమ్మ మూడోరోజు. "అండ్ల కథ ఉండది, సంధి ఉండది. గది సదువు."

నాన్న డెస్కు మీద ఎప్పుడూ ఉండే టైంటేబిలే. మొదట మన్మాడు వైపు లైను చదివాను. బొలారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాదు. రైలు వచ్చే వేళ, పోయే వేళ. బండి నాందేడు చేరకముందే నాన్న గురక మొదలైంది. నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అలా మూడు రాత్రులు ఆ లైను ఆయన్ని నిద్రపుచ్చింది. ఇల్లంతా నిద్రపోయింది. అమ్మ చాటుగా టీ పెట్టుకుని తాగింది.

నాలుగో రాత్రి నాకే విసుగొచ్చి లైను మార్చాను. కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, డోర్నకల్, ఖమ్మంమెట్టు. నా దృష్టంతా ఆవులింతల మీదే ఉంది. బోనకల్లు, మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి.

"మళ్ళీ చదువు," అన్నాడు నాన్న.

పడుకున్నాడనుకున్న మనిషి లేచి కూర్చుని ఉన్నాడు. కొండపల్లిలో మా చిన్నత్త ఉంటుంది, నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. సరిహద్దుకు ఆనుకున్న ఊరు. అయిదు నెలలుగా ఆమె దగ్గర నుంచి ఉత్తరం లేదు.

"ఎర్రుపాలెం దాటాక ఎన్ని నిమిషాలు?"

చెప్పాను.

"అంతే. అంత దగ్గర," అన్నాడు. తర్వాత ముందు తలుపు గడియ చూడడానికి వెళ్ళాడు.

అమ్మ నా చేతిలోంచి టైంటేబిల్ లాక్కుని బియ్యం డబ్బా వెనక పడేసింది. "ఈయనకు నిద్రవట్టే పుస్తకం ఇంక అచ్చు గాలేదు," అంది.

రెండు రోజుల తర్వాత బావి దగ్గర చాచీ నన్ను పట్టుకుంది. "బిడ్డా, రాత్రి చదువు ఎందుకు బంద్ జేసినవ్?"

"నాన్నకు నిద్ర పట్టలేదు చాచీ. అందుకే."

"మీ నాయనకు వట్టకుంటే మానె. మాకు వడుతుండె గద. నువ్వు టేషన్ల పేర్లు చెప్తుంటే మీ చాచా గిట్ల కన్ను మూసెటోడు. నాకు సుత మా అన్న యాది బందయ్యేది."

చాచీ అన్న సూర్యాపేట దగ్గర పల్లెలో చిన్న దుకాణం నడిపేవాడు. ఆయన దగ్గర నుంచి కూడా కబురు లేదు. అటు రజాకార్లు, ఇటు కమ్యూనిస్టు సంఘంవాళ్ళు, మధ్యలో దుకాణం మూసి కూర్చున్నాడని మాత్రం ఎవరో చెప్పారట. ఆమె ముఖం చూసి నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. నిజంగా నాకు మొదట వచ్చింది చిరాకు. ఎవరికోసం గొంతు నొప్పి పుట్టేలా చదివానో ఆయన మేలుకున్నాడు. ఎవరి కోసం చదవలేదో వాళ్ళు నిద్రపోయారు. నేను మాత్రం ఎటూ కాకుండా పోయాను.

సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు బయలుదేరాయన్న వార్త వచ్చిన రోజు బడి మూశారు. సాయంత్రానికి దీపాలు వెలిగించొద్దని చాటింపు వేశారు. కిటికీలకు నల్లకాగితం లేక అమ్మ దుప్పట్లు కట్టింది. విమానాలు తిరుగుతున్న చప్పుడు విని చెల్లెలు మంచం కింద దూరింది. నాన్న ఆ చీకట్లో కూడా గోడ మీది కాగితం మరిచిపోలేదు. "వేన్నీళ్ళు పెట్టారా?" అన్నాడు.

చీకట్లో అమ్మ ఒక గిన్నెను గట్టిగా చప్పుడయ్యేలా పెట్టింది.

అయిదు రోజులు అలా గడిచాయి. అయిదో సాయంత్రం యుద్ధం ఆగిపోయిందని రేడియోలో చెప్పారని సందులో ఎవరో అరుచుకుంటూ వెళ్ళారు. మర్నాడు సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. జనం రోడ్ల మీదికి వెళ్ళి దండలు వేశారు. నాన్న కూడా వెళ్ళి, గొంతు పోయేదాకా అరిచి వచ్చాడు. వాకిట్లో అడుగు పెట్టేసరికి చాచా వాటా తలుపులు మూసి ఉన్నాయి. ఆ పొద్దున తీయనే లేదట. పొయ్యి వెలిగిన వాసన కూడా రాలేదు.

అమ్మ వెళ్ళి తలుపు కొట్టింది. "చెల్లె, నేను."

లోపల గొళ్ళెం తీయడానికి చాలాసేపు పట్టింది.

"ఊర్ల అంత ఒక్క తీరుగ లేదంటున్నరు అక్కా," అంది చాచీ, తలుపు సందులోంచే. "మా మొఖాలు చూసి ఎవలన్న వస్తే?"

"వస్తే నా ఇంటికి వస్తరు. చాపలు తీస్కోండ్రి. ఇద్దరు ఈడనే పండుకోండ్రి."

అలా మా ఒక్క గదిలో ఆరుగురం పడుకున్నాం. ఆడవాళ్ళం గోడవైపు, చాచా, నాన్న గడప దగ్గర. ఇంకా కర్ఫ్యూ ఉంది, దీపం లేదు. చాచీ ఊపిరి బిగబట్టి పడుకుని ఉందని నాకు తెలుస్తూనే ఉంది. నాన్న అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. నాకు తెలుసు ఇక ఏమవుతుందో. అనుకున్నట్టే లేచి గడియ చూసి వచ్చి, "పడుకున్నారా?" అన్నాడు.

"లేదు బాబుసాబ్," అన్నాడు చాచా.

ఆయన ప్రశ్నకు నిజం జవాబు వచ్చింది అదే మొదటిసారి. నాన్న వచ్చి చాప మీద కూర్చుని, "కోటు కాలరు ఎలా కుడతావు భాయ్? ఎప్పటి నుంచో అడుగుదామనుకుంటున్నా," అన్నాడు. ఎప్పటి నుంచో అనుకున్నాడో, అప్పుడే తోచిందో నాకు తెలియదు.

చాచా గొంతు మొదట వణికింది. "కాలర్ అంటే షురూలనే లోపట పెట్టే గట్టి బట్ట, బక్రం, కోసుకోవాలె బాబుసాబ్. మీది బట్ట కన్నా నూలుపోగంత తక్కువ. తర్వాత నీళ్ళల్ల తడిపి ఆరబెట్టాలె. ఆరకముందే కుట్టినమా, తెల్లారి ముడుచుకపోతది."

"ఊఁ."

"ఆరినంక సూదితోని ఏటవాలుగ టాకాలు వెయ్యాలె. గీ టాకాలు మీదికి కనవడొద్దు. సాహెబ్‌లు వేలితో తడిమి చూస్తరు..."

టాకాలు పడుతూ ఉంటే ఆయన గొంతు మెల్లగా కుదుటపడింది. నాన్న ఇంకొకసారి "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత అనలేదు. కాలరు ఒక వైపు పూర్తికాకముందే గురక మొదలైంది. అది మామూలు గురక కాదు, ఆరు నెలల బాకీ అంతా ఒక్క రాత్రిలో తీర్చుకునే గురక. చెల్లెలు ఉలిక్కిపడి లేచింది.

"ఇగ మనకు జాగారమే," అంది అమ్మ.

చాచీ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చాచా మాత్రం కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు. "అసలు పని జేబు కాడ ఉంటది," అన్నాడు చీకట్లోకి. "జేబు చెప్పకముందే పండుకుండు." వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా జేబు కూడా చెప్పాడు. ఆ చెప్పడం అయ్యేదాకా నేనూ మేలుకునే ఉన్నాను. కుట్టుపని మీద నాకు ఈ రోజుకీ ఉన్న అసహ్యం అప్పుడు మొదలైందే.

వారం తర్వాత వాళ్ళు తమ వాటాకు వెళ్ళారు. రైళ్ళు నడిచాయి. కొండపల్లి నుంచి ఉత్తరం వచ్చింది. చిన్నత్తకు ఏమీ కాలేదు. పైగా మేమే ఉత్తరాలు రాయడం లేదని నాలుగు పేజీలు తిట్టింది. నాన్న ఆ ఉత్తరాన్ని రాత్రి భోజనమయ్యాక రెండుసార్లు చదివి, ఆ సంతోషంతో తెల్లవారేదాకా కళ్ళు మూయలేదు.

చాచీ అన్న దగ్గర నుంచి మాత్రం ఉత్తరం రాలేదు. చలి మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది. ఒక్కతే, చేతిలో చిన్న మూట. పల్లెలో ఏం జరిగిందో ఆమె చాచీతో ఒకసారే చెప్పింది. మేము ఇవతల ఉండగా గోడ మీది సందులోంచి చాచీ ఏడుపు వినిపించింది. అన్న లేడు, దుకాణం లేదు అన్నంత వరకే అమ్మ మాకు చెప్పింది.

చాచీ వదిన రాత్రిళ్ళు పడుకునేది కాదు. అన్నం వేళ అయ్యాక వాకిట్లో బావి గట్టుకు ఆనుకుని కూర్చునేది. పిలిస్తే పలికేది, తినమంటే తినేది, పడుకోమంటే మాత్రం కదిలేది కాదు. నాలుగో సాయంత్రం నాన్న ఆమె ముందుకు వెళ్ళి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "చూడమ్మా, గోరువెచ్చటి నీళ్ళు..." అని మొదలుపెట్టాడు. ఆమె తలెత్తి చూసింది. నాన్న వెనక్కి తిరిగి లోపలికి వచ్చేశాడు. ఒక సలహా సగంలో ఆగిపోవడం మా ఇంట్లో నేను చూసింది అప్పుడే. లోపలికి వచ్చి, చల్లటి నీళ్ళతోనే కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు.

అమ్మ తన చాప తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది.

"చలిల ఏడ పండుకుంటవే?" అన్నాడు నాన్న. అమ్మ యాస ఆయన నోటికి వచ్చేటంత గాబరాపడ్డాడు.

"ఆమె పక్కకు కూసుంట. నిద్రొస్తే పోతం, రాకుంటే మాట్లాడుకుంటం. మీరు తలుపెయ్యకుండ్రి."

మాట్లాడుకున్నట్టు నాకేమీ వినిపించలేదు. తెల్లారి అమ్మ ఎర్రటి కళ్ళతో లేచి, నా మీద అరిచి, చెల్లెలి మీద అరిచి, బడికి వెళ్ళి అరవైమంది మీద అరిచి వచ్చింది. రాత్రి మళ్ళీ చాప తీసుకుని వెళ్ళింది. అలా పది, పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ మా ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడితే కసురుకోవడమే.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి చాచీ వదిన మా వసారాలో ఉంది. చాచీతో కలిసి టీ తాగిందట. గ్లాసు పక్కనే ఉంది. పదకొండు గంటల వేళ, పట్టపగటి వెలుతురు. పక్కసందులో మేకులు కొడుతున్నారు, చాచా మిషను గడగడలాడుతోంది. ఆమె స్తంభానికి ఆనుకుని, నోరు కొంచెం తెరిచి, నిద్రపోతోంది. అమ్మ మమ్మల్ని వాకిట్లోనే ఆపేసింది. వేలు పెదవుల మీద పెట్టుకుని చాచా దగ్గరికి వెళ్ళి మిషను ఆపించింది. నేను కదిపిన బిందెను నా చేతిలోంచి తీసి తనే నేల మీద పెట్టింది.

అప్పుడే కూరగాయలమ్మి సందులోకి వచ్చి వంకాయలంటూ కేక పెట్టింది. అమ్మ పరుగున వెళ్ళి, "నీ గొంతుకు ఏమొచ్చింది! లోపట మనిషి పండుకున్నది, వినవడ్తలేదా? నీ వంకాయలు ఇంకో గల్లీల అమ్ముకో, పో!" అని ఆమె కంటే రెట్టింపు గొంతుతో అరిచింది. సందు చివరిదాకా వినబడి ఉంటుంది. మేమంతా వసారా వైపు చూశాం. ఆమె కదలలేదు.

నాన్న వాకిలి బయటే బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. లోపలికి రావాలంటే ఆమె పక్క నుంచే రావాలి. మధ్యాహ్నం మూడు దాటేదాకా ఆకలితో అలాగే గోడ నీడన నిలబడ్డాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.